ఫోను పలుకని ఊరు క్షేమముగా ఉన్నట్లు కాదు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. వ్యవసాయము)



తుపాను తీరము దాటిన మరునాటి ఉదయము మండల కార్యాలయములో జరుగు మొదటి పని ఏమో మీలో కొందరికి తెలియకపోవచ్చును. ఊరూరికి ఫోను చేసి, వచ్చిన జవాబును కాగితముపై వ్రాసికొందుము. ఫలానా ఊరిలో వరి నేలకొరిగినది, ఫలానా ఊరిలో అరటి విరిగినది, ఫలానా చోట కాలువ గట్టు తెగినది అని పట్టిక తయారగును. జీపు మొదట ఎటు పోవలెనో, తార్పాలిన్లు, విత్తనము, పశువుల మందులు ముందు ఎవరికి చేరవలెనో ఆ పట్టికను బట్టియే నిర్ణయమగును.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపమున్నది. ఫోను పలికిన ఊళ్లే పట్టికలోనికి ఎక్కును. పలుకని ఊరికి ఎదురుగా గడి ఖాళీగా మిగులును. ఖాళీ గడిని చూచినవాడు, "అక్కడ నష్టము లేదు కాబోలు" అనుకొనును. నిజమునకు తీగలు తెగి, స్తంభములు కూలి, టవరు ఆగిపోయినది ఎక్కువ దెబ్బ తిన్న ఊరిలోనే. అనగా ఎవరికి సహాయము ముందుగా అందవలెనో వారి గడియే ఖాళీగా ఉండును.

ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పుటలేదు. ఒక తుపాను తరువాత అటువంటి పట్టికను నేనే వ్రాసితిని. పెద్ద డ్రెయినుకు అవతలనున్న ఒక ఊరి ఫోను పలుకలేదు. రెండు మూడు సారులు ప్రయత్నించి, పలికిన ఊళ్ల పనిలో పడితిని. అప్పుడు చాల ఊళ్లలో వరి కోసి పనలపై ఉన్నది. తడిసిన పనలలో గింజ మొలకెత్తకుండ 5 శాతము ఉప్పు ద్రావణము, అనగా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి చల్లవలెనని మేము ఫోను సందేశములు పంపితిమి. అందినవారు చల్లుకొనిరి. మూడవనాడు ఆ ఊరినుండి ఒక పెద్దాయన కొంత దూరము నడిచి, కొంత దూరము సైకిలుపై కార్యాలయమునకు వచ్చెను. చేతిలో మొలకలెత్తిన కంకులున్నవి. "ఒక్క ఫోనైనా చేయలేదేమండీ?" అని అడిగితిని. "టవరు పోయి మూడు రోజులైందండీ. ఫోను పనిచెయ్యడం లేదని చెప్పాలంటే మళ్లీ ఫోనే కావాలి గదండీ!" అన్నాడాయన. నాకు జవాబు దొరకలేదు. నష్టము గాలివాన వలన కొంత జరిగినది. మా ఇద్దరి మధ్య మాట నడువకపోవుట వలన మరికొంత జరిగినది. రెండవదానిలో నా వంతు ఉన్నది.

కావున నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. తుపానులో, వరదలో ఫోను ఆగిపోవుట కూడ ఒక నష్టమే. పంట నష్టమును ఎట్లు తెలుపుదుమో, ఫోను ఆగిన సంగతిని కూడ అట్లే, అంతకంటె ముందుగా, తేదీతోను గంటతోను తెలుపవలెను. తెలుపుటకు తగిన ఏర్పాటు ప్రతి ఊరిలోను తుపానుకు ముందే సిద్ధముగా ఉండవలెను.

ఇది క్రొత్త కష్టము కాదు

మన తీరమునకు ఈ అనుభవము పాతదే. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను చూచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించిరి. తంతి, టెలిఫోను తీగలు తెగి, దారులు మునిగిపోవుటచే నష్టమెంతయో బయటివారికి వెంటనే తెలియలేదు. 1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరమును కొట్టిన పెను తుపానులోను ఇదే జరిగినది.

"అవి పాత రోజులు, ఇప్పుడు ప్రతివాని జేబులో ఫోనున్నది" అనుట సరికాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లును మూగవోయినవి. అంత పెద్ద నగరములోనే ఒక వీధివారి క్షేమము మరియొక వీధివారికి తెలియని స్థితి ఏర్పడినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. చెట్లు అడ్డము పడి దారులు మూసికొనిపోయినవి; కరెంటు లేక ఊళ్లు రోజుల తరబడి చీకటిలో ఉన్నవి. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము మునిగినప్పుడు, మేడలపై చిక్కుకొనినవారికి అన్నము, నీళ్లతోపాటు ఫోనుకు ఛార్జింగు కూడ కరవైనది.

ఈ మధ్య కాలములో హెచ్చరిక మన ఊరికి దిగివచ్చు దారి ఎంతో బాగుపడినది. వాయుగుండము పుట్టినది మొదలు ఎటు వచ్చుచున్నదో రోజుల ముందే చెప్పుచున్నారు. ప్రమాద సందేశములు ఫోనుకే వచ్చుచున్నవి. కాని మన ఊరి మాట పైకి ఎక్కిపోవు దారి అంతగా బాగుపడలేదు. పూర్వము తలారి కబురు మోసికొని పోయెడివాడు. తపాలా కార్యాలయమునుండి తంతి ఇచ్చెడివారు. 1984లో కరణము, మునసబుల పద్ధతి పోయినది. 2013 జూలైలో తంతి సేవయు నిలిచిపోయినది. వాటన్నిటికి బదులుగా ఒక్క ఫోనుపైననే మనము ఆధారపడితిమి. అది ఆగినచో ఏమి చేయవలెనో ఏర్పాటు చేసికొనలేదు.

ఫోను ఎందుకు ఆగును?

కారణము తెలిసినచో కబురు సరిగా చెప్పగలము. టవరు నిలిచియున్నంత మాత్రమున పనిచేయుచున్నట్లు కాదు. దానికి కరెంటు కావలెను. కరెంటు పోయినచో కొన్ని గంటలు బ్యాటరీలపై నడచును. తరువాత జనరేటరు ఉన్నచో డీజిలు ఉన్నంతవరకు నడచును. దారి తెగి డీజిలు రానిచో ఆగిపోవును. ఇది ఒక కారణము. టవరును పట్టణముతో కలుపు తీగ రోడ్డు ప్రక్కన భూమిలోనో, స్తంభములపైననో ఉండును. గండి పడి రోడ్డు కొట్టుకొనిపోయినప్పుడు అదియు తెగును. ఇది రెండవది. టవరు విరుగుట, లేక పైనున్న పరికరములు పెరికివేయబడుట మూడవది. ఇక నాలుగవది, అందరు ఒక్కసారిగా మాటలాడబోవుటచే దారి ఇరుకగుట. ఇట్టిచోట ఫోనుపై గీతలు కనిపించును గాని మాట కలియదు. అప్పుడు పదిసారులు ఫోను చేయుటకంటె రెండు మాటల సందేశము పంపుట మేలు. మాట పోలేని చోట సందేశము పోవచ్చును.

ఒక కంపెనీ ఫోను ఆగి మరియొకటి పనిచేయుచుండుట కలదు. పెద్ద తుపానులలో ఒక కంపెనీ చందాదారులు మరియొక కంపెనీ టవరును వాడుకొనునట్లు కేంద్ర టెలికాము శాఖ అనుమతించుచున్నది. కావున మీ గీతలు పోయినచో, ఫోను సెట్టింగులలో వేరొక నెట్‌వర్కును ఎన్నుకొని చూడుడు. "అత్యవసర కాల్స్ మాత్రమే" అని తెరపై కనిపించినచో ఏదో ఒక టవరు అందుచున్నదని గుర్తు. అప్పుడు 112 ప్రయత్నింపవలెను.

దీనివలన రైతుకు పోవునదేమి?

ప్రాణముల సంగతి చెప్పనక్కరలేదు. పంట సంగతి చూతము. ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమములలో, కోసి పొలములో ఆరబెట్టిన పంట కోత తరువాత 14 రోజులలోపల తుపాను వానలకుగాని అకాల వర్షములకుగాని పాడైనచో, ఆ సంగతి 72 గంటలలో తెలుపవలెనని ఉన్నది. వడగండ్లవంటి స్థానిక విపత్తులకును ఇదే గడువు. తుపాను తరువాత మూడు రోజులు ఫోను లేకుండుట మన తీరములో అరుదు కాదు. టోల్ ఫ్రీ నంబరునే నమ్ముకొన్న రైతుకు ఫోను తిరిగి పలుకునప్పటికి గడువు దాటిపోవును.

అయితే ఆ నియమములలోనే ఇంకొక మార్గమున్నది. బీమా కంపెనీకే గాక, బ్యాంకుకు, స్థానిక వ్యవసాయ శాఖవారికి, జిల్లా అధికారులకు తెలిపినను చెల్లును. కావున తేదీ, గంట వేసి వ్రాసిన కాగితమును గ్రామ వ్యవసాయ సహాయకునికి ఇచ్చి, నకలుపై సంతకము చేయించుకొనుడు. ఆ కాగితములో "ఫలానా గంటనుండి మా ఊరిలో ఫోన్లు పనిచేయుటలేదు" అను వాక్యము తప్పక ఉండవలెను. రేపు ఆలస్యమేల జరిగినదని ఎవరైన అడిగినచో ఆ వాక్యమే మీ పక్షమున సాక్ష్యము చెప్పును.

ఇంకొక సంగతి. 2024లో టెలికాము నియంత్రణ సంస్థ చేసిన నియమముల ప్రకారము, ఒక జిల్లాలో సేవ 4 గంటలకు మించి నిలిచిపోయినచో కంపెనీ 24 గంటలలో ఆ సంస్థకు తెలుపవలెను. మంచి నియమమే. కాని దాని కొలత జిల్లా. జిల్లా కేంద్రములో ఫోన్లు మ్రోగుచుండగా లంకలోని ఒక ఊరు వారము రోజులు మూగగా ఉన్నను, ఆ ఊరు ఆ కొలతలోనికి రాదు. కంపెనీకి తన టవరు ఆగినదని తెలియవచ్చును. ఆ టవరు తప్ప వేరు దిక్కులేని ఊళ్లెన్నియో, వాటిలో పురుటి నొప్పులు పడుచున్న స్త్రీ ఉన్నదో, నీటిలో నిలిచిన పశువులున్నవో దానికి తెలియదు. అది ఊరివారే చెప్పవలెను.

ఊరు చేయవలసిన పని

తుపాను హెచ్చరిక వచ్చిన నాడే గ్రామ సచివాలయమువద్ద పదిమంది కూర్చుండి ఈ క్రింది ఏర్పాటు చేసికొనుడు. దీనికి ధనము అక్కరలేదు.

1. కబురు తీసికొనిపోవు ఇద్దరిని ముందే నియమించుకొనుడు. ఈత, దారులు తెలిసిన యువకులైనచో మంచిది. ఇద్దరును కలిసియే పోవలెను. నీరు పారుచున్న కల్వర్టును, వాగును దాటరాదు. తెగిన కరెంటు తీగను తాకరాదు.

2. దగ్గర పోలీసు స్టేషనుకు పోవు దారులు రెండు గుర్తించుకొనుడు. పోలీసువారికి ఫోనుతో నిమిత్తము లేని వైర్‌లెస్ ఉండును. రైల్వే స్టేషను దగ్గరగా ఉన్నచో వారికి కూడ సొంత టెలిఫోను దారి ఉండును. కబురు మండలమునకు చేరినచో అక్కడినుండి జిల్లా కంట్రోలు గదికి, అనగా 1077కు, రాష్ట్ర కంట్రోలు గదికి, అనగా 1070కి అందింపవచ్చును.

3. ఊరిలోని ఫోన్లన్నియు ఒకేసారి ఖర్చు కానీయకుడు. ఇంటికొక ఫోను వాడి, మిగిలినవి ఆపియుంచుడు. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. కారు ఛార్జరు సంపాదించి ఉంచుకొన్నచో దానినుండి ఫోన్లకు శక్తి ఎక్కించుకొనవచ్చును.

4. బ్యాటరీతో పనిచేయు రేడియో ఒకటి ఊరిలో ఉండవలెను. ఫోను లేనప్పుడు వాతావరణ వార్త ఆకాశవాణివల్లనే తెలియును. కాని రేడియో వినుటకే. మన మాట చెప్పుటకు పనికిరాదని గుర్తుంచుకొనుడు.

5. గాలి తగ్గిన వెంటనే చీటీ వ్రాసి పంపుడు. నష్టపు లెక్కలన్నియు తేలువరకు ఆగకుడు. మొదటి చీటీలో ఇవి చాలును: ఊరి పేరు, తేదీ, గంట, ఏ కంపెనీల ఫోన్లు, ఎప్పటినుండి ఆగినవి, టవరు నిలిచియున్నదా, పడినదా, కరెంటు ఎప్పుడు పోయినది, ఏ దారి తెరిచియున్నది, ఏది మూసికొన్నది, మనుష్యులకు ఆపద ఉన్నదా, పశువులు, పంట స్థితి, చీటీ వ్రాసినవారి పేరు, మరల మీకు కబురు ఎట్లు చేర్పవలెను.

6. కన్నులార చూచినది వేరుగా, విన్నది వేరుగా వ్రాయుడు. "చెరువు తెగినదట" అను ఒక మాట వలన పది ఊళ్లవారు పరుగులిడిన సందర్భములు గలవు. వినికిడి అయినచో వినికిడియే అని వ్రాయుడు.

7. నష్టము లేకున్నను కబురు పంపుడు. "మా ఊరు క్షేమము, ఫోను మాత్రము లేదు" అను చీటీ వలన మీ ఊరికి రావలసిన జీపు ప్రక్క ఊరికి పోవును. అది మీరు వారికి చేసిన సహాయమే.

టవరు విషయమున ఒక హెచ్చరిక. దానిపైకి ఎక్కుట, దాని తీగలు ముట్టుట ఎంతమాత్రము కూడదు. మీరు చేయదగిన సహాయము వేరున్నది. కరెంటు తీగలలో ప్రవాహము లేదని విద్యుత్ శాఖవారివల్ల తెలిసికొన్న పిమ్మట, టవరుకు పోవు దారిలో పడిన చెట్లను నరికి తొలగింపుడు. దారి ఉన్నచో డీజిలు వచ్చును. డీజిలు వచ్చినచో ఫోను పలుకును.

గ్రామోద్యోగులకు, నాతోడి అధికారులకు

రైతులకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మన వైపు మార్పు ఇంకను ఎక్కువగా కావలెను. మన పట్టికలో ఖాళీ గడి ఉండరాదు. కబురు రాని ఊరికి ఎదురుగా "కబురు లేదు" అని ఎర్ర సిరాతో వ్రాసి, అట్టి ఊళ్లను వేరొక జాబితాగా కట్టవలెను. గాలి తగ్గిన తరువాత ఆరు గంటలకొకసారి ఆ జాబితాను చూడవలెను. మొదటి జీపు, మొదటి పడవ ఆ జాబితాలోని ఊళ్లకే పోవలెను. నష్టము చెప్పగలిగినవాడు ఎట్లును చెప్పుకొనును. చెప్పుకొనలేనివానిని మనమే వెదకికొని పోవలెను.

మరియు ఫోనులో పంపు ప్రతి సలహాను కాగితముపై కూడ వ్రాసి, కబురు లేని ఊరికి పోవు మనిషి చేతికి ఈయవలెను. ఉప్పు ద్రావణము చల్లుమను మాట మూడవనాడు చేరినచో అది సలహా కాదు. మొదటినాడు చేరినప్పుడే సలహా. జిల్లా అధికారులు టవర్లకు డీజిలు పంపునప్పుడు పట్టణపు టవర్లతోపాటు, మూగ ఊళ్లు ఎక్కువగా ఆధారపడిన టవరు ఏదో చూచి దానికి ముందు వరుసలో చోటీయవలెనని నా మనవి. ఏ టవరుపై ఏ ఊళ్లు ఆధారపడినవో తెలియుటకు రైతుల చీటీలే ఆధారము.

కొందరు మిత్రులు, "ఉపగ్రహ ఫోన్లు వచ్చినవి, డ్రోనులు వచ్చినవి, ఇంకను చీటీలు, మనుష్యులు ఎందుకు?" అని అడుగుచున్నారు. ఆ సాధనములు మంచివే, వద్దనుటలేదు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాను దీవులను ముంచినప్పుడు, అక్కడ ఉన్న అమెచ్యూర్ రేడియో బృందము తమ రేడియోలతోనే బయటి లోకమునకు కబురులు అందించినది. ఆ విద్య నేర్పు జాతీయ సంస్థ 1983 నుండి మన హైదరాబాదులోనే ఉన్నది. చదువుకొన్న మన గ్రామ యువకులు కొందరైన ఆ పరీక్ష వ్రాసి లైసెన్సు పొందినచో తీర గ్రామములకు గొప్ప అండ యగును. కాని ఉపగ్రహ ఫోను ఊరికొకటి ఉండదు. డ్రోను ఎటు పోవలెనో ఎవరైన చెప్పవలెను. ఆ చెప్పుట చీటీతోనే మొదలగును.

మరికొందరు, "ఎవరో ఒకరు చెప్పియుందురులే" అని ఊరకుందురు. ఊరిలో ప్రతివాడును అట్లే అనుకొన్నచో చెప్పువాడెవ్వడు? కబురు పంపుట ఫలానావాని పని అని ముందే పేరు పెట్టి నిర్ణయించుట అందులకే.

వాయుగుండముల కాలము అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మన వరి కోతలు వచ్చునది కూడ అప్పుడే. విత్తనము ముందుగా సిద్ధము చేసికొందుము; కుప్పపై కప్పుటకు తార్పాలిను సిద్ధము చేసికొందుము. అట్లే తెల్లకాగితములు నాలుగు, పెన్సిలు ఒకటి, తడవకుండ ప్లాస్టిక్ సంచి ఒకటి, పోవువారి పేర్లు రెండు సిద్ధముగా ఉంచుకొనుడు. నాకు కంకులు తెచ్చి చూపిన ఆ పెద్దాయన ఊరిలో ఇప్పుడు ఈ ఏర్పాటు ఉన్నది. మీ ఊరిలో కూడ ఈ పంట కాలములోనే చేసికొందురని నమ్ముచున్నాను.